దిగినానని నీ నోటితో చెప్పు

లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాడు కనబడితే జనం అడిగే మొదటి మాట ఒకటే: నీకెప్పుడైనా షాక్ కొట్టిందా అని. కొట్టింది. రెండుసార్లు. రెండుసార్లూ మా ఇంట్లోనే. ఊరందరి కరెంటూ బాగుచేసే మనిషికి సొంత ఇంట్లో మిక్సీ ప్లగ్గు బిగించే తీరిక దొరకలేదని నా భార్య రజియా ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ టీతో పాటు వడ్డిస్తూ ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ళకూ ముందు ఈ కథే వినబడుతుంది. ఆ తర్వాత నేను ఏం చెప్పినా వాళ్ళు అంత సీరియస్‌గా తీసుకోరు. అందుకే రాసిపెడుతున్నాను.

నా పేరు ఖాదర్ బాషా. నగరి, పుత్తూరు చుట్టుపక్కల ముప్పై ఆరేళ్ళు కరెంటు లైన్ల మీద పనిచేశాను. హెల్పర్‌గా చేరాను, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. మధ్యలో ప్రమోషన్లు ఎలా వచ్చాయో చెప్పను. అందరికీ వచ్చినట్టే వచ్చాయి, ఆలస్యంగా. పని మెలకువలు ట్రైనింగులో నేర్పుతారు. నాకు తెలిసి అక్కడ నేర్పనిది ఒకటుంది. చేతులు రెండు, పనులు ఇరవై అయినప్పుడు, పై ప్రాణాలు పైనే పోతున్నప్పుడు మనిషి ఎక్కడికి పోవాలి అన్నది. నేను దేవుడి దగ్గరికి పోయాను. పోవడానికి చాలా ఏళ్ళు పట్టింది, దారి కూడా నాకు వేరేవాళ్ళు చూపించారు.

ముందే ఒక మాట. ప్రార్థన చేస్తే షాక్ కొట్టదు అని చెప్పేవాడు ఎవడైనా మీ గ్యాంగులో ఉంటే వాణ్ణి ఆ రోజుకు ఇంటికి పంపించేయండి. నేను పంపించాను, ఇద్దర్ని.

ఒక్క గుక్కలో బిస్మిల్లా

నా మొదటి లైన్ ఇన్‌స్పెక్టర్ చెంగల్రాయుడు సార్. నుదుటి మీద నిలువు నామం, జేబులో టెస్టర్, నోట్లో తమలపాకు. మావైపు కరెంటు స్తంభాన్ని కంబం అంటాం. ఎవడైనా సరే కంబం ఎక్కేముందు దాని మొదట్లో నిలబడి, దాని మీద చెయ్యి వేసి, తన దేవుణ్ణి తలుచుకోవాలి. తలుచుకున్నంతసేపూ చూపు కంబం పైనే ఉండాలి. ఇదీ ఆయన రూలు. ఎవరి దేవుడు వాళ్ళకు. మణి తిరుత్తణి పక్కవాడు, తమిళంలో మురుగన్‌తో ఏదో గొణుక్కునేవాడు. మునిరత్నం మూడుసార్లు గోవిందా అని గట్టిగా అరిచేవాడు. చెన్నై వైపునుంచి తిరుపతికి నడిచిపోయే పసుపుబట్టల భక్తులు రోడ్డు మీద ఉంటే వాళ్ళందరూ ఒక్కసారిగా బదులు పలికేవాళ్ళు. ఊరి కుక్కలు కూడా మొరిగేవి. ఒక్క ఫ్యూజు వెయ్యడానికి ఇంత ఊరేగింపు అవసరమా అని నాకు నవ్వొచ్చేది.

నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒకరోజు బిస్మిల్లా అని ఒక్క గుక్కలో అనేసి రెండు అడుగులు పైకి పోయాను. సార్ కాలు పట్టుకుని ఆపారు.

"ఏం సదివినావు రా?"

"బిస్మిల్లా సార్."

"అంతలోనే అయిపాయనా? మీ దేవుడు అంత తొందరలో ఉండాడా?"

అయిపోయింది సార్ అని కాలు విడిపించుకుని ఎక్కాను. పైన అడ్డపట్టీ కింద కందిరీగల గూడు ఉంది. కిందనుంచి పది సెకన్లు తలెత్తి చూస్తే ఎవరికైనా కనబడేది. నేను ఎలా దిగానో నాకు గుర్తులేదు. పై పెదవి, ఎడమ కన్ను పూరీల్లా పొంగాయి. ఆ మరుసటి రోజు రజియా వాళ్ళవాళ్ళు నన్ను చూసుకోవడానికి శ్రీకాళహస్తినుంచి మా ఇంటికి వచ్చారు. అబ్బాయి మొహం ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని వాళ్ళ పిన్ని మా అమ్మను చాటుకు పిలిచి అడిగిందట. పెళ్ళి ఖాయమైందంటే అది నా గొప్ప కాదు, వాళ్ళ నాన్న కరెంటు ఉద్యోగం మీద పెట్టుకున్న గౌరవం.

మూడోరోజు పనికి పోతే సార్ ఏమీ తిట్టలేదు. కంబం దగ్గర నిలబెట్టి, సగంలో మింగొద్దు, మొత్తం చెప్పుకో అన్నారు. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ మొత్తం చెప్పుకున్నాను. ఆయన రిటైరయ్యాక మళ్ళీ మెల్లగా మింగడం మొదలుపెట్టాను.

గ్రేసమ్మ నోట్‌బుక్

లైన్ మీద పని చెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్‌లో ఉండే ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఆ లైన్ ఆపించుకోవాలి. దీన్ని ఎల్.సి. తీసుకోవడం అంటాం. పనయ్యాక, ఎక్కినవాళ్ళందరూ దిగాక, ఎల్.సి. రిటర్న్ అని చెప్పాలి. అప్పుడే ఆపరేటర్ మళ్ళీ లైన్‌లోకి కరెంటు వదిలేది. ఈ రెండు ఫోన్ల మధ్య కంబం మీదున్న మనిషి ప్రాణం పూర్తిగా కిందివాళ్ళ మాట మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన విషయం లేదు.

నేను లైన్ ఇన్‌స్పెక్టర్‌ని అయిన కొత్తలో మా సబ్‌స్టేషన్‌కు గ్రేసమ్మ ఆపరేటర్‌గా వచ్చింది. భర్త వేరే సెక్షన్‌లో లైన్‌మన్. డ్యూటీలో పోతే ఆయన బదులు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. అంతవరకే మాకు తెలుసు. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గొంతు మాత్రం ఫోన్ పక్కన పెట్టినా వినబడుతుంది.

వచ్చిన మొదటిరోజే ఎల్.సి. కోసం ఫోన్ చేస్తే, ఎవురెవురు ఎక్కుతాండారన్నా అని అడిగింది. ముగ్గురం అన్నాను.

"ముగ్గురు అనే పేరుతో నాకు ఎవురూ తెలీదన్నా. పేర్లు చెప్పు."

పేర్లు చెప్పాను. ఆమె డిపార్ట్‌మెంట్ రిజిస్టర్‌లో రాయాల్సింది రాసి, పక్కన ఇంకో లాంగ్ నోట్‌బుక్‌లో ఆ పేర్లు రాసుకునేది. వాటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కో పేరూ చెప్పి, ప్రభువా కాపాడు అని ప్రార్థన చేసేది. పనయ్యి ఎల్.సి. రిటర్న్ చెబితే మళ్ళీ అవే పేర్లు చదివి, క్షేమంగా దించినందుకు ఒక్కొక్కరి పేరుతో దేవుడికి స్తోత్రం చెప్పి, అప్పుడు స్విచ్ వేసేది. అంతా కలిపి అర నిమిషం పట్టేది.

ఇది మాకు పెద్ద వేళాకోళమైపోయింది. మునిరత్నం నాకంటే రెండేళ్ళు చిన్న, మనిషి మాత్రం నాకు రెండింతలు. వాడు నా ఫోన్ లాక్కుని, అక్కా నేను లావుగా ఉండాను, నా పేరు రెండుసార్లు చెప్పు అనేవాడు. ఆమె నవ్వకుండా, సరే నాయనా రెండుసార్లు చెప్తా అనేది. నిజంగానే చెప్పేదని తర్వాత తెలిసింది. పేర్లు చెప్పడం అందరికీ అలవాటైంది. నాకు మాత్రం ఆ అర నిమిషం మీద ఎప్పుడూ విసుగే. లైన్ ఎందుకు రాలేదని జనం అడిగేది నన్ను, ఆమెను కాదు.

తుఫాను తర్వాత మూడో రోజు

ఆ ఏడు వచ్చిన తుఫాను మావైపు అంతకుముందు వచ్చినవాటిలాంటిది కాదు. చెన్నై దగ్గర తీరం దాటి, నేరుగా మా మీదికి వచ్చి రెండు రోజులు కదల్లేదు. చెట్లు తీగల మీద, తీగలు ఇళ్ళ మీద. నగరిలో నేతవీధులన్నీ మరమగ్గాల మీద బతికేవే. కరెంటు లేకపోతే ఆ వీధుల్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వేరే ఊరివాళ్ళకు తెలియదు.

మూడు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. మగ్గాలవాళ్ళు, కల్యాణమండపంవాళ్ళు, ఐస్‌క్రీమ్ షాపతను. ఒకాయన తన ఫోన్ చార్జింగ్ అయిపోతోందని చెప్పడానికే గంటకోసారి ఫోన్ చేశాడు. ఒక ముసలామె మాత్రం, మాకు కరెంటు వద్దులే నాయనా, తెగిన తీగ మా బర్రె పక్కన పడుండాది, అది చూసుకో చాలు అంది. ఆ మూడు రోజుల్లో నన్ను తిట్టకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే. ముందు అక్కడికే పోయాం.

ఆ మూడు రోజులూ నేను ఒక్క నమాజూ సరిగ్గా చేయలేదు. కంబం దగ్గర బిస్మిల్లా కూడా మింగడం కాదు, అసలు నోట్లోకే రాలేదు. నా పరిస్థితి అల్లాకు తెలుసులే అని సర్దిచెప్పుకున్నాను. తెలుసు. కానీ నా పరిస్థితి నాకే తెలియలేదు. తల నిండా ఫోన్ మోతే. తిన్నానా లేదా అని రజియా అడిగితే నాకే గుర్తులేదు.

మూడో రోజు పొద్దున నేతవీధుల లైన్‌కు ఎల్.సి. తీసుకున్నాను. గ్రేసమ్మ మామూలుగానే పేర్లు అడిగింది. ఖాదర్ బాషా, మునిరత్నం, మణి. మునిరత్నాన్ని లైన్ చివరికి, చేల వైపుకు పంపాను. మణి, నేను ఊరి వైపు చూసుకున్నాం. మునిరత్నం ఫోన్ వానలో తడిసి ముందురోజే పాడైపోయింది. పనయ్యాక రోడ్డు మీది టీ అంగడి దగ్గరికి వచ్చెయ్యి, అక్కడ కలుద్దాం అన్నాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మా పని అయిపోయింది. నేనూ మణీ ఒకే బండి మీద టీ అంగడి మీదుగా పోతుంటే మునిరత్నం బండి అంగడి ముందు నిలబెట్టి ఉంది. వీడు దిగేశాడు, లోపల బజ్జీలు తింటున్నాడు అనుకున్నాను. మణి కూడా అదే అనుకున్నాడు. లైన్ ఆపినా, పొరపాటున కరెంటు వస్తే భూమిలోకి పోవడానికి పనిచేసే చోట తీగలకు ఎర్త్ రాడ్లు తగిలిస్తాం. మణి పోయి వాటిని విప్పి మా బండికి కట్టుకున్నాడు. అంతలో మా ఏ.ఈ. ఫోన్. ఆయన కొత్తగా చేరిన ఆఫీసరు, మంచివాడే, పైనుంచి ఆయన్నీ పీక్కుతింటున్నారు. పది నిమిషాల్లో లైన్ రావాలి అన్నారు. వస్తుంది సార్ అన్నాను.

గ్రేసమ్మకు ఫోన్ చేశాను. ఎల్.సి. రిటర్న్ అమ్మా, అందరూ దిగినారు అని చెప్పాను.

ఆమె పేర్లు మొదలుపెట్టింది. ప్రభువా, ఖాదర్ బాషాను క్షేమంగా దించినందుకు నీకు స్తోత్రం. మణిని దించినందుకు స్తోత్రం. పక్కనుంచి మణి దగ్గు ఆమెకు వినబడుతూనే ఉంది. అక్కడ ఆగింది.

"అన్నా, మునిరత్నం ఏడీ? గొంతు వినిపీలేదు."

"దిగినాడమ్మా. టీ అంగట్లో ఉండాడు."

"ఆయప్ప దిగినానని నీతో చెప్పినాడా?"

"బండి సూసినా. ఈడే ఉండాది. లైన్ వెయ్యి తల్లీ."

"బండి దిగిందని దేవునికి ఎట్ల చెప్పేదన్నా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఊరంతా కరెంటు లేక అల్లాడుతుంటే నువ్వు ప్రార్థనలు పెట్టుకున్నావా అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయను. ఆమె అంతా విని, గొంతు పెంచకుండా, స్విచ్ నేను వెయ్యనన్నా, నువ్వు పొయ్యి ఆయప్పను కండ్లతో సూసి రా అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

బురదలో

టీ అంగట్లో మునిరత్నం లేడు. అంగడాయన గ్లాసులు కడుగుతూ, లావాయప్పే గదా, ఆ పక్క చేలల్లోకి నడిసి పొయినాడు, బురదలో బండి పోదని ఈడ పెట్టినాడు అన్నాడు.

బండి మీద ఎంతదూరం పోగలిగానో, ఎక్కడ దాన్ని పడేశానో తెలియదు. గట్టు మీద పరిగెత్తాను. రెండు చేల అవతల కంబం మీద మునిరత్నం కనబడ్డాడు. నడుముకు బెల్టు, రెండు చేతులూ తీగ మీద. ఎర్త్ రాడ్లు లేవు. చేతులకు గ్లౌజులు లేవు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

వాడు నేను చెప్పిన పని ముగించి దిగి, అంగట్లో టీ తాగుతూ, ఆ కంబం దగ్గర తీగ ముడి ఊడి వేలాడుతుండడం చూశాడు. మళ్ళీ మనుషుల్ని పిలవడమెందుకు, లైన్ ఆగే ఉంది కదా, ఐదు నిమిషాల పని అని ఎక్కాడు. తప్పు నాది, మణిది, వాడిది. ముగ్గురం తలా కొంచెం చేశాం. పెద్దవాణ్ణి కాబట్టి పెద్ద వాటా నాది.

నన్ను చూసి వాడు, ఏమన్నా టీ తాగినావా అని అడిగాడు.

అక్కడే బురదలో కూలబడ్డాను. దిగు అని చేత్తో సైగ చేశాను. పది నిమిషాల కింద గ్రేసమ్మ నా మాట విని ఉంటే వాడు ఆ పాట మధ్యలో ఏమయ్యేవాడో నాకు తెలుసు. అలాంటివి నేను రెండు చూశాను. వాడి భార్య, ఇద్దరు ఆడపిల్లలు కళ్ళముందు తిరిగారు. నా తల మీద మూడు రోజులనుంచి ఉన్నదంతా ఒక్కసారిగా మీద పడింది.

అప్పుడు ప్రార్థన చేశాను. కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ లేదు, ఎటు తిరిగి కూర్చున్నానో చూసుకోలేదు, చదవాల్సినదేదీ గుర్తు రాలేదు. యా అల్లా అని ఒక్క మాట. మళ్ళీ మళ్ళీ అదే. నేను మోయలేకపోతున్నాను, నువ్వు పట్టుకో అని లోపల ఏదో ఏడ్చింది. చిన్నప్పటినుంచి నమాజు చేసినవాణ్ణి. అప్పటివరకూ ప్రార్థనంటే నాకు ఇది ఇవ్వు, అది ఇవ్వు అని అడగడం, లేదా చేశానని చెప్పుకోవడం. పడిపోతుంటే పట్టుకునే చెయ్యి ఒకటి నిజంగా ఉంటుందని ఆ బురదలో తెలిసింది. కాసేపటికి ఊపిరి మామూలుగా ఆడింది. చుట్టూ కప్పలు అరుస్తున్నాయని అప్పుడు వినబడింది.

మునిరత్నం దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. సంగతి చెప్పాను. వాడి మొహంలో రంగు పోయింది. తర్వాత నా పక్కనే ఆ బురదలో కూర్చున్నాడు. అంతటి మనిషి కూర్చుంటే సగం బురద నా మీదికే వచ్చింది.

నా ఫోన్‌లోనే గ్రేసమ్మకు చేశాం. దిగినానక్కా అని వాడు చెప్పాడు. ఆమె, ప్రభువా మునిరత్నాన్ని క్షేమంగా దించినందుకు నీకు స్తోత్రం అని మెల్లగా అంది. లావుగా ఉన్నవాడు కాబట్టి రెండోసారి కూడా అంది. మునిరత్నం ఏడుస్తూ నవ్వాడు.

భయాన్ని పెట్టే చోటు

ఆ సాయంత్రమే సబ్‌స్టేషన్‌కు పోయి గ్రేసమ్మ ముందు నిలబడ్డాను. నేను అన్న మాటలకు క్షమించమని అడగాలని పోయాను. ఆమె కుర్చీ జరిపి, ముందు కూర్చో అన్నా, మొహం కడుక్కో అంది. తర్వాత తనే చెప్పింది.

"నేనేమీ పెద్ద భక్తురాల్ని కాదన్నా. మా ఆయన కంబం మీద ఉన్న్యప్పుడు అందరూ దిగినారని ఎవురో చెప్పినారు. ఆ పొద్దు ఆయన పేరు ఎవురూ అడగల్య. అంతే."

తను భరించలేని దాన్ని ఈ మనిషి రోజూ దేవుడి దగ్గరికి తీసుకుపోయి, అక్కడినుంచి మా పేర్లు పట్టుకుని తిరిగి వస్తోంది. నేను అర నిమిషం లెక్కపెట్టుకుని విసుక్కున్నాను. సిగ్గేసింది.

ఏ.ఈ. సార్‌కు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. ముందు కోప్పడ్డారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఫ్యాన్ వైపు చూశారు. పది నిమిషాలన్నది నేనే కదా అన్నారు. మరుసటి రోజు పని దగ్గరికి స్వయంగా వచ్చి నిలబడితే గ్రేసమ్మ ఆయన పేరు కూడా అడిగి నోట్‌బుక్‌లో రాసుకుంది. సార్ ఎక్కరమ్మా అని నేనంటే, కిందుండేవాళ్ళకు కూడా ప్రార్థన కావాల అంది.

కానీ నాకు ఇంకో సమస్య మొదలైంది. కంబం మీద చెయ్యి వేస్తే వేళ్ళు వణకడం. నెలన్నర ఎవరికీ చెప్పకుండా దాచాను. చివరికి చెంగల్రాయుడు సార్ ఇంటికి పోయాను. అప్పటికి ఆయనకు చూపు తగ్గింది, తమలపాకు తగ్గలేదు. అంతా విని, ఆ పొద్దు సగంలో మింగినావా అని అడిగారు. లేదు సార్, మొదలే పెట్టలేదు అన్నాను. తల ఊపారు.

"నాకు ఉద్యోగం చేసినన్నాళ్ళూ కంబం ఎక్కాలంటే భయమే రా బాషా. ఆ భయాన్ని యాడన్నా పెట్టాల గదా. ఇంటికి తీసకపోతే పెండ్లాం మీద పడతాది, పైకి తీసకపోతే చేతులు వణుకుతాయి. అందుకే కంబం మొదట్లో నిలబడి సామి కాళ్ళకాడ పెట్టి ఎక్కేవాణ్ణి. దిగినాక మళ్ళీ తీసుకునేవాణ్ణి కాదు."

నామాలు పెట్టుకుని, మీసం తిప్పుకుని, ఊరంతా హడలగొట్టిన మనిషి. ఆయనకు భయం ఉండేదని నేను కలలో కూడా అనుకోలేదు.

మరుసటి రోజునుంచి కంబం మొదట్లో చెయ్యి వేసి, పైకి చూస్తూ, తొందర లేకుండా మొత్తం చెప్పుకోవడం మళ్ళీ మొదలుపెట్టాను. నాకు భయంగా ఉందని కూడా అల్లాకు చెప్పుకునేవాణ్ణి. చేతుల వణుకు ఒక్కరోజులో పోలేదు. పోయేసరికి ఎండాకాలం వచ్చింది. ఫోన్లు ఎప్పటిలాగే మోగాయి, తుఫానులు కూడా తర్వాత వచ్చాయి. నేను మాత్రం కొట్టుకుపోలేదు. రోజుకు ఐదుసార్లు కూర్చునే చోటు ఒకటి ఉన్నప్పుడు మధ్యలో ఎంత గోలైనా తట్టుకోవచ్చు. పని ఎక్కువగా ఉంది కాబట్టి నమాజు మానేశాను అనేవాణ్ణి. పని ఎక్కువగా ఉన్న రోజే మానకూడదని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా సెక్షన్‌లో కొత్త పద్ధతి కూడా పెట్టాం. ఎక్కినవాడు దిగినానని తన నోటితో ఆపరేటర్‌కు చెప్పాలి. పక్కవాడు చెబితే చెల్లదు, బండి చెబితే అసలు చెల్లదు. రాడ్లు, గ్లౌజులు, బెల్టు ఇవన్నీ ఎలాగూ ఉండాలి. దేవుడు వాటిని వాడే బుద్ధి ఇస్తాడు. వాటి బదులు పనిచెయ్యడు. దేవుణ్ణి నమ్మని కుర్రాడొకడు, నేను కంబం దగ్గర ఏం చెయ్యాలి సార్ అని అడిగాడు. పైకి చూస్తూ మీ అమ్మ పేరు అనుకో అన్నాను. అలాగే చేస్తున్నాడు.

ఆఖరి రోజు

నేను రిటైరైన రోజు ఎండ మండిపోతోంది. సాయంత్రం ఆఫీసులో శాలువా, దండ ఉన్నాయి. పొద్దున మాత్రం నేతవీధుల లైన్ మీద చిన్న పని ఉంది. నువ్వు రావద్దులే అన్నారు అందరూ. పోయాను. నేనే ఎక్కాను కూడా. యాభై తొమ్మిది దాటినవాడు ఎక్కకూడదని మణి గొణిగాడు. మునిరత్నం కింద నిలబడి నా తరఫున మూడుసార్లు గోవిందా అన్నాడు. నేను నాది మొత్తం చెప్పుకుని ఎక్కాను.

ముగ్గురం పని ముగించి దిగాక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. దిగినానక్కా అన్నాడు మణి. దిగినానక్కా, రెండుసార్లు రాసుకో అన్నాడు మునిరత్నం.

"ఖాదర్ బాషన్నా, నువ్వు దిగినావా?"

"దిగినాను తల్లీ."

ఆమె స్తోత్రం మొదలుపెట్టింది. మణి పేరు అయింది. మునిరత్నం పేరు అయింది, రెండుసార్లు. నా పేరు దగ్గర గొంతు ఆగిపోయింది. ఎంతసేపు ఎదురుచూసినా రాలేదు. ఆ గొంతు ఆగడం నేను అంతకుముందు ఒక్కసారే విన్నాను, తుఫాను రోజు మునిరత్నం పేరు దగ్గర.

అందుకని నేనే అందుకున్నాను. యా అల్లా, ఖాదర్ బాషా కూడా దిగినాడు, నీకు షుక్రియా. ఇన్నేండ్లు మా అందరి పేర్లూ నీ దగ్గరికి తెచ్చిన గ్రేసమ్మను నీ నీడలో పెట్టుకో. మునిరత్నం టోపీ తీసి నిలబడ్డాడు.

కాసేపటికి ఆమె ముక్కు చీదుకుని, "నా పేరు ఆ పుస్తకంలో యాడా లేదన్నా" అంది.

"నా నమాజులో ఉండాది తల్లీ," అన్నాను. "ఆ తుఫాను పొద్దునుంచీ, దినానికి ఐదుసార్లు."

ఆమె స్విచ్ వేసింది. మా చుట్టూ వీధుల్లో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి. మేము ముగ్గురం కంబం మొదట్లో నిలబడి ఆ చప్పుడు విన్నాం.